బయట చేరని నెలలు

మా ఇంట్లో ఆడవాళ్ల నెలసరి రహస్యంగా ఉండేది కాదు. పెరట్లో బావి దాటాక చిన్న వసారా ఒకటి ఉండేది. ఆ మూడు రోజులూ చాప, చెంబు, కంచం అక్కడే. వంటింట్లోంచి ఎవరో ఒకరు వచ్చి దూరం నుంచి అన్నం పెట్టిపోయేవారు. పక్కింటి గోడ నడుం ఎత్తు మాత్రమే. అందువల్ల బరంపురం బడా బజార్‌లో మా వీధి ఆడవాళ్లకి ఎవరు ఎప్పుడు బయట చేరారో తెలిసేది. ఎవరు చేరలేదో ఇంకా బాగా తెలిసేది.

నా నలభై ఆరో ఏట ఆ వసారాలో కూర్చోవడం ఆగిపోయింది.

అప్పటికి ఒరిస్సా వేరు కాలేదు, బరంపురం మద్రాసు రాజధానిలోనే ఉండేది. మా ఆయనది చింతపండు, పసుపు టోకు వ్యాపారం. వీధి వైపు కొట్టు, వెనక ఇల్లు. ఇంట్లో ఉండేది ముగ్గురం: ఆయన, నేను, ఆయన అక్క. ఆవిడ పదహారో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చి ఉండిపోయింది. నేను వదినా అని పిలిచేదాన్ని. మా ఒక్కగానొక్క కూతుర్ని పొలసరలో ఇచ్చాం. దానికన్నా ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఒకడు తొమ్మిది నెలలకి, ఒకడు మూడేళ్లకి పోయారు. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

నెలసరి తప్పడంతోనే ఒళ్లు రావడం మొదలయింది. ముందు చేతులు. ఏటా గాజులు తొడిగే ఆవిడ వచ్చి ఎప్పటి కొలత గాజులే తీసింది. నా వేళ్లన్నీ ఒక దగ్గరికి మడిచి, నూనె రాసి, ఎంత నొక్కినా ఎక్కలేదు. రెండు చిట్లిపోయాయి. చేతి మీద గీత పడి రక్తం వచ్చింది. ఆవిడ మూట అడుగు నుంచి పెద్ద కొలతవి తీసింది. ఆ తరవాత రవికెలు. చంకల దగ్గర కుట్లు విప్పి గుడ్డముక్కలు అతికేదాన్ని. అయిదో నెల వచ్చేసరికి పొట్ట చీరకట్టులో దాగడం మానేసింది. నేను తిండి ఎక్కువ తినలేదు. నిజానికి సగం చేశాను. సాయంత్రం అన్నం మానేసి ఉలవకట్టు తాగి పడుకునేదాన్ని. అయినా అద్దంలో ముఖం గుండ్రమవుతూనే ఉండేది.

దానికి తోడు ఒంట్లో మంటలు. పొయ్యి దగ్గర లేకపోయినా, దేవుడి ముందు కూర్చున్నా, గుండెల దగ్గర మొదలై మెడ మీదుగా నెత్తికి ఎక్కేది. ఒక్క క్షణంలో చీర తడిసిపోయేది. కారణం లేకుండా కోపం వచ్చేది, ఆ వెనకే ఏడుపు.

ఒకరోజు మధ్యాహ్నం వదిన బియ్యం చెరుగుతూ నా వంక చూసి చేట పక్కన పెట్టింది.

“ఏటే, మళ్లీ తప్పిందేటి?”

“అయిదో నెల ఒదినా. ఆగిపోయినట్టున్నాది.”

“ఆగిపోతే ఒళ్లెందుకొస్తాదే? నాకు ఆగిపోయినప్పుడు ఉన్నదే ఎండిపోయింది.” గొంతు తగ్గించింది. “మా అమ్మకీ ఇలగే అయింది. నలభై నాలుగో ఏట ఆగిపోయిందనుకున్నాది. సూస్తే తమ్ముడు కడుపులో ఉన్నాడు.”

ఆ తమ్ముడే మా ఆయన. ఆ మాట నాకు ముందే తెలుసు. కానీ నా సంగతికి దాన్ని కలిపి ఆలోచించే ధైర్యం అప్పటిదాకా చేయలేదు. వదినకి మాత్రం ఏం తెలుసు? ఒంటిపూట తిండితో నలభై ఏళ్లు బతికిన మనిషి. ఆవిడ ఒంటికీ నా ఒంటికీ పోలికే లేదు.

ఆ రోజు నుంచి నేను నా పొట్ట మీద చెయ్యి వేసుకుని వినడం మొదలుపెట్టాను. రెండు వారాలకి ఏదో కదిలినట్టు అనిపించింది. ముగ్గుర్ని మోసినదాన్ని. కదలిక ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది అదేననుకున్నాను.

వదిన తమ్ముడితో చెప్పిందో, ఆయనే గ్రహించారో నాకు తెలియదు. ఒక సాయంత్రం కొట్టు మూసి లోపలికి వచ్చి, కండువాలో కట్టి తెచ్చిన దానిమ్మపళ్లు నా ముందు పెట్టారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నాకని చెప్పి ఏదీ చేతికి తెచ్చి ఇచ్చిన మనిషి కాదు. ఏది తెచ్చినా ఇంటికని తెచ్చేవారు.

“తిను. ఒంట్లో రగతం పడతాది,” అన్నారు.

“ఎందుకండీ ఇప్పుడు?”

“తినమంటున్నాను కదా,” అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ ఏదో కూనిరాగం తీశారు. అది విని నాకు సంతోషం కాలేదు, భయం వేసింది. ఆ తరవాత కొండల నుంచి సరుకు తెచ్చే వాళ్లని అడిగి తేనె తెప్పించారు. బావి దగ్గర నేను బిందె ఎత్తబోతే వచ్చి తీసుకున్నారు. పక్కింటి వాళ్లు గోడ మీంచి చూస్తూనే ఉన్నారు.

మా అమ్మాయికి ఏడో నెల వచ్చింది. పురిటికి తీసుకురావడానికి నేనూ ఆయనా పొలసర వెళ్లాం. వియ్యాలవారు వాళ్ల ఇంట్లో పేరంటం పెట్టారు. పదిహేను, ఇరవై మంది ముత్తయిదువులు. మా అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి, గాజులు తొడిగి, ఒళ్లో పళ్లు పోశారు. నా వంతు వచ్చినప్పుడు గంధం గిన్నె పట్టుకుని వంగబోయాను. వంగలేకపోయాను. పీట పక్కన చెయ్యి ఆనించి కూర్చోవలసి వచ్చింది. ఆ క్షణానే మంట ఎక్కింది. ముఖమంతా చెమట.

మా వియ్యపురాలు మంచి మనిషే. నా ఈడుదే. చటుక్కున విసనకర్ర తెచ్చి విసురుతూ, నవ్వుతూనే అడిగింది.

“ఒదినగారూ, మాకు ఓ ముక్క సెప్పనేదు. మీకెన్నో నెల?”

గదిలో మాటలు ఆగిపోయాయి. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే లేదని నాకు నమ్మకం లేదు. అవునని అంతమందిలో ఎలా చెప్పను? తల దించుకున్నాను. తల దించుకోవడమే జవాబయింది. వెనక ఎవరో ముసిముసిగా నవ్వారు. ఇంకెవరో, “అల్లుడికి పుట్టబోయే బామ్మరిది, అల్లుడి కొడుక్కన్నా సిన్నోడవుతాడు,” అన్నారు. అప్పుడు అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. కొత్తగా తొడిగిన గాజుల్ని చూసుకుంటూ కూర్చుంది.

మర్నాడు మోటారు బస్సులో బయల్దేరాం. ఆయన ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు. నేనూ అమ్మాయీ వెనక. బస్సు దుమ్ములో కుదుపుతూ పోతోంది. సగం దారి దాటాక అది నా వైపు తిరక్కుండానే అడిగింది.

“అమ్మా, నిజంగానేటి?”

“నాకూ తెలీదే.”

“తెలీకపోడమేటి?”

నేను కొంగు పొట్ట మీదికి లాక్కున్నాను.

“నాకు పురుడైన నెలా రెండు నెలలకి నీకూ పురుడంటే, మా అత్తోరింట్లో నా మొకమెలగ ఎత్తుకోవాల? ఆయన నవ్వుతారు. తోడికోడళ్లు నవ్వుతారు. ఈ వయసులో ఇదేటమ్మా?” అంది. ఆ తరవాత కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ముందు సీట్లో ఆయన డ్రైవరుతో పంటల గురించి హుషారుగా మాట్లాడుతున్నారు.

అది నన్ను అసహ్యించుకుంది అని అనుకున్నాను. తల్లి మీద కూతురికి అసహ్యం కలిగితే ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. నా బరువు, నా చెమట, లేస్తూ కూర్చుంటూ నేను చేసే మూలుగు, అన్నీ నాకే రోత పుట్టించాయి. ఇంట్లో అది నా పక్కన కూర్చోవడం మానేసింది. ఇద్దరం ఒకేసారి వీధి గుమ్మంలోకి వస్తే వెనక్కి తగ్గేది.

మా కొట్టుకి ఉసిరికాయలు, కరక్కాయలు తెచ్చి అమ్మే ఒడియా ముసలామె ఒకామె ఉండేది. హల్దియాపదర్ వైపు గుడిసె. ఆడవాళ్లకి మందులిస్తుందని వినికిడి. ఒకరోజు గుడికని చెప్పి, మిట్టమధ్యాహ్నం, ముసుగు వేసుకుని అంత దూరం నడిచి వెళ్లాను. నాలుగుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాను. ఆమె నన్ను పోల్చుకుంది గానీ పోల్చుకున్నట్టు కనిపించనివ్వలేదు. ఎన్ని నెలలని అడిగింది. వేళ్లు చూపించాను. లోపలికెళ్లి ఆకులో చుట్టిన పొట్లం తెచ్చింది.

“డొరొ నాహి, మా,” అంది. భయం లేదమ్మా అని.

నాకు భయంగానే ఉంది. రెండు రోజులు ఆ పొట్లం బియ్యం కుండలో దాచాను. ఆ రెండు రోజుల్లోనూ ఆయన మామూలుగానే దానిమ్మపళ్లు తెచ్చారు. ఒలిచి గింజలు గిన్నెలో వేసి ఇచ్చారు కూడా. నేను ఆయన ముందే తిన్నాను. ఆయన చూస్తూ కూర్చున్నారు. ఆయన ముఖం ఎన్నడో మా పెద్దవాడు పుట్టినప్పుడు ఉన్నట్టుగా ఉంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మూడో రోజు ఉదయం వదిన పూజలో ఉండగా ఆ మందు కాచుకుని తాగాను. తాగేముందు పొట్ట మీద చెయ్యి వేసి, “నన్ను క్షమించు,” అన్నాను. ఆ మాట పైకే అన్నాను. నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒక గంటలో కడుపులో మెలి మొదలయింది. వాంతులు, విరేచనాలు. సాయంత్రానికి కాళ్లు చల్లబడ్డాయి. రక్తం మాత్రం చుక్క కూడా పడలేదు. వదిన నా తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు పోసింది. తరవాత వంటింట్లోకి వెళ్లి, నేను కడగకుండా వదిలేసిన గిన్నె తెచ్చి వాసన చూసింది.

“ఏటి తాగినావు? సెప్పు.”

చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. గుమ్మంలో మా అమ్మాయి తన పొట్ట పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నది. వదిన దానివైపు చూడకుండానే, “నువ్వు కొట్లోకెల్లు. మీ నానకి జట్కా కావాలని సెప్పు. వాంతులని సెప్పు, ఇంకేటీ సెప్పకు,” అంది.

ఆడవాళ్ల ఆసుపత్రిలో మద్రాసులో చదువుకొచ్చిన డాక్టరమ్మ ఉండేది. నాకన్నా పదేళ్లు చిన్నది. ఆయన బయట వరండాలో ఉండిపోయారు. వదిన మాత్రం నాతో లోపలికి వచ్చింది. రెండు రోజులు అక్కడే ఉంచి, నిలదొక్కుకున్నాక, డాక్టరమ్మ నన్ను పూర్తిగా పరీక్ష చేసింది. చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“మీ కడుపులో బిడ్డ లేదమ్మా,” అంది.

“పోయిందా?” అన్నాను.

“పోలేదు. అసలు ఎప్పుడూ లేదు.”

“కదిలింది.”

“వాయువు అలా కదులుతుంది. ఈ వయసులో నెలసరి ఆగిపోతుంది. చాలామందికి అప్పుడే పొట్ట దగ్గరా నడుం దగ్గరా ఒళ్లొస్తుంది. ఆ మంటలు, చెమటలు, అన్నీ దానివే. ఇది రోగం కాదు. మీరు తాగిందే రోగం. ఇంకొంచెం తాగి ఉంటే మీరు దక్కేవారు కాదు.”

నేను ఏడ్చాను. గండం గడిచిందని ఏడుస్తున్నాననుకుని డాక్టరమ్మ నా భుజం తట్టింది. అది కాదు. నేను ఒకదాన్ని చంపాలనుకున్నాను. దాంతో మాట్లాడాను, క్షమించమన్నాను, ఆ తరవాత తాగాను. ఇప్పుడు అది లేనే లేదంటున్నారు. లేనిదాన్ని చంపిన పాపం ఉంటుందా? దానికి జవాబు ఆ డాక్టరమ్మ దగ్గర ఉండదని నాకు తెలుసు, అందుకే అడగలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. లేదని తెలిశాకే, అది ఉండాలని నేను కూడా కోరుకున్నానని నాకు అర్థమయింది.

వదిన నా జుట్టు సవరిస్తూ, “మా అమ్మ సంగతి నీకు సెప్పకుండా ఉండవలసింది,” అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూడడం అదే మొదటిసారి.

ఇంటికి వచ్చిన మర్నాడు ఆయనకి చెప్పాను. సగమే చెప్పాను.

“కడుపు కాదటండీ. వయసటండీ. ఇలగే ఒళ్లొస్తాదట.”

ఆయన చాలాసేపు కండువా అంచు మడతలు పెడుతూ కూర్చున్నారు. “కాదా?” అన్నారు. “నాను పేరు కూడా అనుకున్నాను,” అన్నారు.

ఏం పేరో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. కొట్టులోకి వెళ్లిపోయారు. ఆ పూట భోజనానికి లేవలేదు. ఆ తరవాత చాలా నెలలు నా వైపు నేరుగా చూడడం మానేశారు. నేను ఎదురుపడితే చూపు నా ముఖం మీద నుంచి జారి, పొట్ట మీద ఒక్క క్షణం ఆగి, పక్కకి పోయేది. కోపం కాదది. కానీ కోపమైతేనే నయం అనిపించేది.

వీధిలో వాళ్లు పురుడెప్పుడని ఎదురుచూశారు. తొమ్మిదో నెల లెక్క దాటిపోయాక ఇంకో రకంగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను కావాలని పోగొట్టుకున్నానని. అది అబద్ధమని అరిచి చెప్పడానికి నాకు గొంతు లేదు. నిజమూ కాదు, అబద్ధమూ కాదు.

ఈలోగా మా అమ్మాయికి నొప్పులు వచ్చాయి. రాత్రంతా పడి తెల్లవారాక ఆడపిల్లని కన్నది. పురిటి గదిలో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అంతా అయ్యాక, పిల్లని తుడిచి పక్కలో పెట్టాక, అన్నది.

“అమ్మా, ఆ రోజు బస్సులో నానన్న మాట…”

“ఏటన్నావే? నాకు గురుతు లేదు.”

అబద్ధమని దానికి తెలుసు. నాకూ తెలుసు. దాన్ని అంతకుమించి మాట్లాడనివ్వలేదు. అప్పుడే ప్రసవించిన పిల్ల మీద ఆ బరువు వేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన వచ్చి మనవరాలిని ఎత్తుకున్నారు. ఎంతసేపటికీ దించలేదు. ఆ రోజు నాతో రెండు మాటలు మాట్లాడారు. పిల్ల ముక్కు మా అత్తగారిదని ఒకటి. నువ్వు కాస్త పడుకో అని ఒకటి.

డాక్టరమ్మ నెయ్యి తగ్గించమంది, రోజూ నడవమంది. మాలాంటి వ్యాపారస్థుల ఇళ్ల ఆడవాళ్లు ఊరికే రోడ్డు మీద నడవడం ఆ రోజుల్లో ఎక్కడుంది? అందుకని వదినా నేనూ గుడి పేరు పెట్టుకుని తెల్లవారగానే బయల్దేరేవాళ్లం. గుడి దాటి చాలా దూరం పోయేవాళ్లం. ఆవిడ ఎండుపుల్లలా ముందు, నేను రొప్పుతూ వెనక. బరువు పెద్దగా తగ్గలేదు. మంటలు మాత్రం రెండేళ్లకి నెమ్మదించాయి. పెద్ద కొలత గాజులే స్థిరపడ్డాయి. పాత రవికెలు విప్పి మనవరాలికి జుబ్బాలు కుట్టాను.

పిల్ల పుట్టిన మూడో నెలలో దాన్నీ తల్లినీ తీసుకువెళ్లడానికి మా వియ్యపురాలు స్వయంగా వచ్చింది. భోజనాలయ్యాక వంటింట్లో మేమిద్దరమే మిగిలాం. ఆవిడ నా పొట్ట వైపు చూసి చూపు తిప్పుకుంది. నేనే మొదలుపెట్టాను.

“అప్పుడు కడుపు కాదు ఒదినగారూ. ముట్టు ఆగిపోయింది. అందుకే ఒళ్లొచ్చింది.”

ఆవిడ ముఖం చిన్నబోయింది. “నలుగుర్లో అలగ అడిగేసినాను. ఆనాటినుంచీ బాధగానే ఉన్నాది,” అంది. గుమ్మం వైపు చూసి, నా దగ్గరికి జరిగింది. “మీకూ ఒళ్లంతా మండిపోతాదేటి? నాకు నాలుగు నెలలై ఇలగే ఉన్నాది. ఎవురికీ సెప్పనేదు.”

డాక్టరమ్మ చెప్పిందంతా ఆవిడకి చెప్పాను. ఆవిడ ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకుంది. భయపడొద్దన్నాను, ఎవరిచ్చినా ఏ మందూ తాగొద్దన్నాను. ఎందుకంత గట్టిగా చెబుతున్నానో ఆవిడకి అర్థం కాలేదు. నేనూ వివరించలేదు.

ఆ గిన్నె సంగతి తెలిసింది వదినకి, అమ్మాయికి, డాక్టరమ్మకి. వాళ్లు ముగ్గురూ ఎవరితోనూ అనలేదు. ఆయన ఇంకా పద్నాలుగేళ్లు బతికారు. చివరి రోజుల్లో నేనే ఆయనకి అన్నం తినిపించేదాన్ని. ఎన్నోసార్లు చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన బతికి ఉండగా చెప్పలేకపోయాను.